ఆ తీగ ఎక్కడికి పోతుంది

ఆ వీధిలో ఆమెని అందరూ హలో పిన్ని అంటారు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి అక్కడే రిటైరైన మనిషి. తలుపు తట్టినా, కిటికీలోంచి పిలిచినా, కునుకు తీస్తుండగా భుజం మీద చెయ్యేసినా ఆమె నోట్లోంచి ముందు వచ్చే మాట "హలో". అదే పేరైపోయింది.

ఆమె ఉద్యోగమంతా ఎదురుగా ఉన్న బోర్డులో ఒకరి తీగని ఇంకొకరి రంధ్రంలో గుచ్చడం. కలిపేశాక వినకూడదు, అది రూలు. ఏ ఇంటి మాట ఏ ఇంటికి పోతోందో చేతికి తెలుసు గానీ చెవికి తెలియదు. "అప్పట్నుంచీ బిగబట్టుకున్న కుతూహలమంతా ఇప్పుడు మా నెత్తిన పడింది" అంటాడు బస్సు డిపోలో మెకానిక్కుగా చేస్తున్న ఆమె కొడుకు.

ఆ మాటలో తప్పు లేదు. కొడుకు కొత్త ఫోను కొనుక్కుని, మూల పగిలిన పాతది ఆమె చేతిలో పెట్టిన రోజున ఆమె దాన్ని పొయ్యి మీంచి దించిన గిన్నెలా పట్టుకుంది. ఎక్కడ నొక్కితే ఏం పాడవుతుందో అని భయం. అక్షరాలు చూస్తే చీమల బారు. ఇలా కాదనుకుని నాలుగు రోజులు దాన్ని అలమారులో పెట్టేసింది కూడా. తర్వాత ఒకరోజు కొడుకు మైకు బొమ్మ చూపించి, "ఇది నొక్కి నోటితో అడుగమ్మా, చాలు" అన్నాడు. ఆమె నొక్కి, అలవాటుకొద్దీ "హలో" అంది. ఫోను తిరిగి హలో అంది. అంతే, ఇద్దరికీ స్నేహం కుదిరిపోయింది.

చీమలు నిద్రపోతాయా? ఒకరు ఆవలిస్తే పక్కవాళ్ళకి ఎందుకు అంటుకుంటుంది? సబ్బు ఏ రంగులో ఉన్నా నురగ తెల్లగానే ఎందుకు వస్తుంది? ఇవీ ఆమె అడిగేవి. జవాబు దొరికాక ఊరుకోదు, ఇంట్లో వాళ్ళకి వినిపించాలి. ఇంట్లో పగలంతా ఉండేది ఆమె ఆడపడుచు ఒక్కతే.

ఆడపడుచుని వీధిలో కుట్టత్త అంటారు. మిషను మీద పిల్లల గౌన్ల నుంచి కిటికీ తెరల దాకా కుట్టిన చెయ్యి. పెళ్ళి మాట తలపెట్టకుండా అన్నగారి ఇంట్లోనే ఉండిపోయింది. అన్నగారు పోయాక వదిన దగ్గరే. ఆవిడకి ప్రశ్నలంటే తలనొప్పి. "చీమ నిద్రపోతే నాకేం, పోకపోతే నాకేం? పంచదార డబ్బా మూత బిగించు వదినా" అనేది.

అలాంటి మనిషిని కూడా ఫోను ఒక విధంగా లొంగదీసింది. స్వెట్టరు అల్లడం నేర్పే వీడియో ఒకటి కుట్టత్తకి దొరికింది. అందులో మొహం కనబడదు, మాట వినబడదు. రెండు చేతులు, రెండు సూదులు, బూడిదరంగు ఊలు. ఆ చేతులు ఏ దేశపు మనిషివో తెలియదు. చేతుల్ని చూసి చేతులు నేర్చుకోవడమే కాబట్టి కుట్టత్తకి భాషతో పని పడలేదు. రోజూ పొద్దున్నే ఫోనుని గ్లాసుకి ఆనించి పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆ చేతులతో పాటు అల్లేది. వెనుకభాగం, ముందుభాగం అయిపోయాయి. మొదటి చెయ్యి సగంలో ఉంది.

"వదినా, ఈవిడ చేతులు ఆగిపోయాయి!"

వంటింట్లో ఉన్న హలో పిన్ని "హలో" అంటూ వచ్చి చూసింది. సూది ఊలులో దూరుతూ దూరుతూ గాల్లోనే ఉండిపోయింది. మధ్యలో ఒక చక్రం తిరుగుతోంది. గోడకున్న వైఫై పెట్టె మీద ఎప్పుడూ పచ్చగా ఉండే దీపం ఎర్రగా ఉంది.

కొడుక్కి ఫోను చేస్తే బస్సు కింద దూరి ఉన్నాడు. "సాయంత్రం వచ్చి చూస్తాలే అమ్మా. తొందరగా కావాలంటే పెట్టె మీద కంపెనీ నంబరుంటుంది, దానికి చెయ్యి."

చేసింది. ఒక ఆడగొంతు తీయగా పలకరించి, ఒకటి నొక్కమంది, తర్వాత నాలుగు నొక్కమంది, ఆ తర్వాత మళ్ళీ ఒకటి. హలో పిన్ని శ్రద్ధగా అన్నీ నొక్కింది. చివరికి ఆ గొంతు, "మీ ఇంటర్నెట్ పనిచేయకపోతే దయచేసి మా వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేయండి" అని చెప్పి పెట్టేసింది.

"ఏమందీ?" అంది కుట్టత్త.

"నెట్ రాకపోతే నెట్లో చెప్పమంటోంది."

"దాని మొహం!"

"గొంతు బావుంది గానీ అమ్మడూ, ఊపిరి పీల్చట్లేదు. అన్ని మాటల్లో ఒక్కచోటా ఆగలేదు, గమనించావా? మేమూ రోజంతా ఒకటే మాట చెప్పేవాళ్ళం కానీ ఊపిరి పీల్చేవాళ్ళం."

"నువ్వు దాని ఊపిరి లెక్కబెడుతుంటే నా స్వెట్టరు చెయ్యి మొండిచెయ్యిగా ఉండిపోతుంది."

హలో పిన్ని పెట్టె వెనక్కి వంగి చూస్తోంది. సన్నటి నల్ల తీగ ఒకటి పెట్టెలోంచి బయల్దేరి, గోడ మూలగా పాకి, కిటికీ చెక్కకి పెట్టిన చిల్లులోంచి బయటికి పోయింది. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు దానికి తగులుతూనే ఉంది.

"అమ్మడూ, ఇది ఎక్కడికి పోతుంది?"

"బయటికి."

"బయటికంటే ఎక్కడికి?"

కుట్టత్త వదిన మొహం చూసి, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఆ మొహం ఆమెకి తెలుసు. ఒంటరిగా పంపితే ఏ గుంటలోనో పడుతుంది.

వీధిలో ఇద్దరూ పని పంచుకున్నారు. "నువ్వు పైకి చూడు, నేను కిందకి చూస్తాను" అని కుట్టత్త వదిన మోచెయ్యి పట్టుకుంది. తీగ వాళ్ళ డాబా మీదికి ఎక్కి, పిట్టగోడ దిగి, ఎదుటి స్తంభం ఎక్కి, అక్కడ చుట్టగా చుట్టుకుని, ఇంకో పది తీగలతో కలిసి ఇస్త్రీ దుకాణం మీదుగా పోయింది. ఇస్త్రీ చేసే అతను పెట్టె పక్కన పెట్టి తనూ పైకి చూశాడు.

"ఏమైంది పిన్నీ? కోతులా?"

"కాదు నాయనా. మా ఇంటి ఇంటర్నెట్ ఎటు పోతోందో చూస్తున్నాం."

"పారిపోయిందా?" అన్నాడు అతను, నిజంగానే అడుగుతున్నట్టు.

బేకరీ వెనక సందులో తీగలు మరీ పెరిగాయి. కొన్ని లావు, కొన్ని సన్నం. వాటిల్లో తమది ఏదో గుర్తుపట్టడానికి హలో పిన్ని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసింది. "ఇదే, ఇదే" అంటూ ఒకదాని వెంట పడి, రెండు ఇళ్ళు దాటి, ఒక పెరటి గోడ పక్కగా పోయేసరికి, ఆ తీగకి వరసగా నాలుగు చొక్కాలూ ఒక దుప్పటీ వేలాడుతున్నాయి. తడిబట్టలు దులుపుతున్న ఇల్లాలు వీళ్ళని చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

"ఎవరూ వద్దమ్మా, దారి తప్పాం" అంది కుట్టత్త. వెనక్కి తిరిగాక ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "బట్టలారేసుకునే తీగలో వస్తుందా వదినా నీ ఇంటర్నెట్?" అని బేకరీ దాకా నవ్వుతూనే ఉంది.

మళ్ళీ స్తంభం దగ్గర మొదలుపెట్టారు. ఈసారి తీగ వాళ్ళని పెద్ద వీధి దాటించి, నాలుగంతస్తుల పాత మేడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ గోడకి ఒక బూడిదరంగు పెట్టె, అందులోంచి పై అంతస్తులన్నిటికీ తీగలు. కింద గదికి మాత్రం ఏదీ పోలేదు. హలో పిన్ని దాన్ని రెండోసారి కూడా చూసి నిర్ధారించుకుంది. పైన ప్రతి కిటికీకీ ఒక తీగ. కింద ఏమీ లేదు.

ఆ కింద గది మెట్ల మీద ఒక పెద్దాయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. నిటారైన మెడ, వెడల్పు భుజాలు.

"ఇందాకట్నుంచీ చూస్తున్నా. ఆకాశంలో ఏం పోగొట్టుకున్నారమ్మా?" అన్నాడు.

హలో పిన్ని సంగతంతా చెప్పి, చివర్లో తనకి పుట్టిన కొత్త ప్రశ్న కూడా అడిగేసింది. "అందరికీ ఉంది, మీ గదికి లేదేమండీ?"

"వదినా!" అని కుట్టత్త మోచెయ్యి గిల్లింది.

పెద్దాయన ఏమీ అనుకోలేదు. "పెట్టించుకుందామనే ఒకసారి ఫోను కొట్టుకి పోయానమ్మా. ఈమెయిలు ఉందా అన్నాడు. నాకు ఉత్తరాలే రావు, మెయిలు ఎవరు రాస్తారన్నాను. సరే తయారుచేద్దాం, పాస్‌వర్డు చెప్పమన్నాడు. చెప్పాను. అందులో పెద్దక్షరం ఉండాలన్నాడు. పెట్టాను. అంకె ఉండాలన్నాడు, పెట్టాను. ఏదో గుర్తు కూడా ఉండాలన్నాడు. అప్పటికి వెనక జనం పోగయ్యారు. ఒకడు 'త్వరగా కానివ్వు తాతా' అన్నాడు. వచ్చేశాను." ఒక గింజ నోట్లో వేసుకున్నాడు. "ఓడరేవులో క్రేను నడిపినవాణ్ణి. మేడంత పెట్టెని గుడ్డు పెట్టినట్టు పెట్టేవాణ్ణి. నన్ను 'త్వరగా' అన్నవాడు లేడు అప్పట్లో."

అని లేచి, చేతులు దులుపుకున్నాడు. "మీరు వెతికే ఆఫీసు రెండు వీధుల అవతల, టైర్ల షాపు మేడ మీద. పదండి, నేనూ వస్తా. నాకు మాత్రం ఏం పనుంది?"

ఆఫీసంటే పెద్ద గది కాదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, అద్దాల తలుపు వెనక చల్లటి చిన్న గది. ఆ చిన్న గదిలో బీరువా అంత ఇనప చట్రం, నిండా మిణుకుమిణుకుమనే దీపాలు, వాటిలోకి గుచ్చిన పసుపుపచ్చ తీగలు. హలో పిన్ని అద్దానికి ముక్కు ఆనించి నిలబడిపోయింది.

"మా బోర్డు!" అంది. "అమ్మడూ, ఇది మా బోర్డే! మనుషులు లేరు గానీ."

బల్ల దగ్గర నలభై దాటిన ఒక టెక్నీషియనమ్మ సంచీలో పనిముట్లు సర్దుకుంటోంది. "కంప్లయింటు వెబ్‌సైటులో పెట్టాలండీ" అంది తలెత్తకుండానే.

"పెట్టాలంటే మా నెట్ రావాలమ్మా" అంది హలో పిన్ని. "అది వచ్చే లోపల నేను నడిచి వచ్చేశాను. మీ తీగ వెంటే వచ్చాను."

టెక్నీషియనమ్మ తలెత్తింది. "తీగ వెంట?"

"మా ఇంటి నుంచి."

ఆమె ముగ్గురినీ మార్చి మార్చి చూసి, సంచీ కింద పెట్టి, కుర్చీలు లాగింది. అడ్రసు అడిగి, చల్లగదిలోకి పోయి, అరచేతిలో పట్టే ఒక యంత్రాన్ని ఒక తీగకి తగిలించి తెచ్చింది. దాని తెర మీద కొండ వాలులాంటి గీత గీసుకుంది.

"ఇదిగో పెద్దమ్మా, ఇక్కణ్ణుంచి మీ లైనులోకి వెలుగు పంపించాను. పోయినంత దూరం పోయి, విరిగిన చోట తగిలి వెనక్కి వచ్చింది. ఎంతసేపట్లో వచ్చిందో చూసి ఎంత దూరంలో విరిగిందో ఈ మిషను చెబుతుంది."

"వెలుగా? కరెంటు కాదూ?"

"కరెంటు కాదండీ. తీగ లోపల గాజు ఉంటుంది. వెంట్రుకంత గాజు. అందులోంచి వెలుగు పోతుంది."

హలో పిన్ని చేతుల్లోంచి పోయినవన్నీ రాగితీగలు. తీగంటే రాగి, మాటంటే కరెంటు. ఇంటి నుంచి ఇక్కడిదాకా ఆ లెక్క మీదే వచ్చింది. ఆ లెక్క తప్పని తెలిసి చిన్నబుచ్చుకోవలసింది పోయి, ఆమె మొహం విప్పారింది.

"అయితే ఆ స్వెట్టరావిడ చేతులు మా ఇంటికి వెలుగై వస్తున్నాయన్నమాట!"

"అంతేనండీ."

"వంగితే?"

"గాజు కదండీ. మెల్లగా వంచితే వంగుతుంది, మడత పెడితే విరుగుతుంది. మీది ఎక్కడో కాదు, సరిగ్గా మీ ఇంటి దగ్గరే విరిగింది. డాబా మీద అయుండాలి. బరువైనదేదైనా వేలాడదీశారా?"

కుట్టత్త కిటికీ వైపు తిరిగి టైర్ల షాపు బోర్డు చదవడం మొదలుపెట్టింది. ఆ చదవడంలో ఏదో తేడా కనిపించి వదిన, "అమ్మడూ?" అంది.

"స్వెట్టరు ముందుభాగం ఉతికాను పొద్దున. ఊలు తడిస్తే ఇంత బరువవుతుందని నాకేం తెలుసు? ఆ తీగ ఖాళీగా ఉంది కదా అని క్లిప్పులు పెట్టాను."

మొదట నవ్వింది టెక్నీషియనమ్మ. తర్వాత అందరూ నవ్వారు. "బట్టలారేసుకునే తీగలో వస్తుందా అని నన్ను వెక్కిరించావు కాదుటే!" అని హలో పిన్ని కళ్ళు ఒత్తుకుంది.

నవ్వులు సద్దుమణిగాక క్రేను పెద్దాయన, అంతదాకా అద్దం అవతలి దీపాల్ని చూస్తున్నవాడు, అడిగాడు. "ఇక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందమ్మా ఇది?"

"సిటీలో పెద్ద ఆఫీసుకి పోతుందండీ. అక్కణ్ణుంచి సముద్రంలోకి. సముద్రం అడుగున వేసిన కేబుల్ ఉంటుంది, దాంట్లోంచి వేరే దేశాలకి."

"తెలుసు" అన్నాడు పెద్దాయన.

ముగ్గురూ ఆయన వైపు తిరిగారు.

"అది వేసిన ఓడకి సామాను ఎక్కించింది నేనే. బంగాళాదుంపల బస్తాలు, మోకులు, నూనె పీపాలు. క్రేను గదిలో కూర్చుంటే ఓడ కడుపంతా కనిపిస్తుంది కదా. లోపల ఇల్లంత గుండ్రటి తొట్టెలు. వాటిల్లో మనుషులు గానుగెద్దుల్లా చుట్టూ తిరుగుతూ కేబుల్ని చుట్టలుగా పేరుస్తున్నారు. రోజంతా తిరుగుతూనే ఉన్నారు. నాకు చూసి చూసి తల తిరిగింది, వాళ్ళకి తిరగలేదు. తర్వాత డ్యూటీ దిగి రేవు అవతలి ఇసక ఒడ్డుకి పోయి చూశాను. ఓడ దూరంగా ఆగింది. కేబుల్ని నారింజరంగు బుడగల మీద తేలేసి ఒడ్డుకి లాక్కొచ్చారు. నీళ్ళ మీద బుడగల బారు... అంత పొడుగు. ఇది దేనికయ్యా అంటే ఫోన్లకి అన్నారు. అంతే తెలుసు నాకు." అద్దం అవతలి దీపాలకేసి మళ్ళీ చూశాడు. "వందల ఓడలు నింపి పంపానమ్మా. ఒక్కటీ ఎక్కడికి పోయిందో, ఏమైందో తెలియదు. రేవు దాటి వెళ్ళిపోతే మళ్ళీ కనబడవు."

హలో పిన్నికి కలపడమే తప్ప వినడం లేని తన పాత బోర్డు గుర్తొచ్చింది. "ఆ ఓడ పేరు గుర్తుందా అన్నయ్యా?" అంది. అన్నయ్య అన్న మాట తనకి తెలియకుండానే వచ్చింది.

గుర్తుంది. ఆఫీసు వైఫై ఆమె ఫోనుకి కలిపింది టెక్నీషియనమ్మ. పెద్దాయన మైకులో ఓడ పేరు చెప్పాడు. ఫోను దాన్ని ఏదో పళ్ళపొడి అనుకుంది. మళ్ళీ చెప్పాడు. ఈసారి కీళ్ళనొప్పుల డాక్టర్లని చూపించింది. పెద్దాయన నొచ్చుకుని, "నాకు ముందుపళ్ళు లేవు కదా, మాట తేలిపోతుంది" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"ఉండండి, ఇది నా పని" అని హలో పిన్ని నిటారుగా కూర్చుంది. ఎక్స్ఛేంజి గొంతుతో, ఒక్కో అక్షరం విడదీసి, పక్కూరి ఆపరేటరుకి చెప్పినట్టు చెప్పింది. ఫోనుకి అర్థమైంది. టెక్నీషియనమ్మ ఓడల పటం తెరవడం చూపించింది. నీలం మీద రంగురంగుల బాణం ములుకులు, ఎన్నో. ఒక దాని మీద నొక్కగానే ఓడ బొమ్మ వచ్చింది.

పెద్దాయన ఫోనుని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. "ముక్కు దగ్గర ఆ చక్రం చూడండి. అదే! ఇంకా బతికే ఉందే! ఎప్పుడో ముక్కలు చేసి అమ్మేసి ఉంటారనుకున్నాను." వేలితో తాకబోయి ఆగాడు. "ముట్టుకుంటే ఏమన్నా అవుతుందా?"

"ఏమీ కాదు. ఓడేం మునగదు" అంది కుట్టత్త.

ఓడ ఎక్కడో దూరపు సముద్రంలో, కదలకుండా ఒకే చోట ఉంది. "ఎందుకాగిందో?" అన్నాడు పెద్దాయన. బహుశా తెగిన కేబుల్ని అతికిస్తోందేమో అంది టెక్నీషియనమ్మ, తనకీ తెలియదంటూనే. ఆయన ఫోను వదల్లేదు. అది కదులుతుందేమోనని చూస్తూ ఉండిపోయాడు. టెక్నీషియనమ్మ నిచ్చెన తీసుకుని వీళ్ళ ఇంటికి బయల్దేరినప్పుడు కూడా, చూస్తూనే మెట్లు దిగాడు.

డాబా మీద విరిగిన చోట కోసి, రెండు గాజు కొసల్ని ఒక చిన్న యంత్రంలో పెట్టి ఆమె అతికించింది. ఆ అతుకు తెర మీద పెద్దదిగా కనబడితే ముగ్గురూ తలలు ఆనించి చూశారు. కింద పెట్టె పచ్చబడింది. గాల్లో ఆగిన సూది ఊలులోకి దిగింది.

వెళ్ళేముందు టెక్నీషియనమ్మ తన నంబరు ఇచ్చి, "ఆ మిషను గొంతుకి చెయ్యకండి, నాకే చెయ్యండి" అంది. అలా అన్నందుకు తర్వాత ఆమె బాధపడే ఉంటుంది. హలో పిన్ని ఆ నంబరు వీధిలో ఉన్న ముసలివాళ్ళందరికీ పంచింది.

ఆ నెలలోనే కింద గదికి కూడా తీగ వచ్చింది. పాస్‌వర్డు పెట్టే రోజున హలో పిన్ని పక్కనే కూర్చుంది. పెద్దాయన ఓడ పేరు, ముందు పెద్దక్షరంతో, వెనక తన క్రేను నంబరు చెప్పాడు. గుర్తు ఏం పెట్టాలో తేలక ఆమె బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూపించింది. ఒకటి చూసి, "ఇదేంటి, కొక్కెంలా ఉందే!" అన్నాడు. అది ప్రశ్నార్థకం. అదే పెట్టారు. వెనక ఎవరూ లేరు, ఎవరూ తొందరపెట్టలేదు. తెర మీద అక్షరాలు పెద్దవి చేసి చదువుకోవడం తెలిశాక, ఆయనకి కొట్టువాడి మీద కోపం కూడా పోయింది. ఇప్పుడు పొద్దున్నే ఫోను చేసి, ఏ ఓడ ఎక్కడుందో చెబుతున్నాడు. కుట్టత్త ఎత్తితే, "వదినకి చెప్తాలెండి" అని పెట్టేస్తుంది గానీ, "నిన్నటి ఎర్ర ఓడ రేవు చేరిందట" అని మధ్యాహ్నం తనే గుర్తుచేస్తుంది.

చలి తగ్గాక పెద్దాయనతో కలిసి ముగ్గురూ బస్సెక్కి, కేబుల్ని లాక్కొచ్చిన ఆ ఒడ్డుకి వెళ్ళారు. హలో పిన్నికి తీగ చివర చూడాలని ఉంది. కొడుకు ఆమె ఫోనులో బయట కూడా నెట్ వచ్చేలా చేయించి, జాగ్రత్తలు చెప్పి పంపాడు. కుట్టత్త బూడిదరంగు స్వెట్టరు వేసుకుంది. ఒక చెయ్యి కొంచెం పొడుగొచ్చింది; మడిచి పెట్టుకుంది.

చూడ్డానికి అక్కడేమీ లేదు. ఇసకలో ఒక సిమెంటు పలక, ఇనప మూత, పక్కన 'ఇక్కడ తవ్వరాదు' అని ఒక బోర్డు. దాని మీద ఒక కాకి. అవతల నీళ్ళు.

"ఇంతేనా?" అంది కుట్టత్త.

"ఇంతే. దీని కిందనుంచే" అన్నాడు పెద్దాయన. బుడగల బారు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉండేదో చెయ్యి చాచి చూపించాడు.

హలో పిన్ని చెప్పులు విడిచి, మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లగా కూర్చుని, మూత మీద అరచెయ్యి పెట్టింది. ఇనుము ఎండకి వెచ్చగా ఉంది. ఇంకేమీ తెలియలేదు. దాని కిందనుంచి ఎందరి మాటలు పోతున్నాయో, ఎవరెవరి చేతులు పోతున్నాయో. వినకూడదని ఇప్పుడు రూలేమీ లేదు, అయినా వినబడదు. ఆమెకి దాని మీద దిగులు కలగలేదు. చెయ్యి అక్కడే ఉంచి చాలాసేపు కూర్చుంది.

నీళ్ళకేసి చూస్తున్న కుట్టత్త ఉన్నట్టుండి అడిగింది. "వదినా, చేపలు కొరకవా దీన్ని?"

హలో పిన్ని తలతిప్పి ఆడపడుచుని చూసింది. ఇన్నేళ్ళలో ఆ నోటి నుంచి ఇలాంటి ప్రశ్న వినలేదు.

"అన్నయ్యా, కొరుకుతాయా?"

"నాకేం తెలుసమ్మా? నేను చూసింది ఒడ్డుదాకానే. ఫోనునడగండి."

తీసి, మైకు నొక్కి, స్పష్టంగా అడిగింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. పెద్దాయన తొంగి చూసి, "సిగ్నల్ లేదు" అన్నాడు.

"కాళ్ళ కింద ప్రపంచమంతా ఉందంటిరి, దీనికి సిగ్నల్ లేదా!" అంది కుట్టత్త. తర్వాత వదినకి చెయ్యి అందించింది. "లే లే. రోడ్డు మీద వస్తుందేమో చూద్దాం. ఆ జవాబేదో తెలిసేదాకా బస్సెక్కను నేను."

చెప్పులు చేత్తో పట్టుకుని, ఫోను పైకెత్తి చూసుకుంటూ, ముగ్గురూ ఇసకలో పైకి నడిచారు.